గమ్జా జొరిమ్: ముక్క చితక్కుండా, సాస్ మెరిసేలా ఇంట్లో చేసుకునే పద్ధతి

మీ ప్రశ్న చదివాను. పెనుకొండ దగ్గర కొరియన్ హోటల్లో చిన్న గిన్నెలో పెట్టిన తియ్యటి ఉప్పటి బంగాళాదుంప ముక్కలు మీకు బాగా నచ్చాయి. ఇంటికొచ్చి కుక్కర్‌లో ఒక విజిల్ రానిచ్చి, డార్క్ సోయా సాస్‌లో వేసి, విడిగా ఉప్పు కూడా వేసి తిప్పితే ముక్కలు చితికిపోయాయి, రంగు నల్లగా వచ్చింది, ఉప్పు ఎక్కువైంది, హోటల్లో చూసిన మెరుపు మాత్రం రాలేదు. కార్న్ సిరప్, మిరిన్ లాంటివి లేకుండా కుదురుతుందా అని, మీ అత్తగారు శాకాహారి కాబట్టి ఇందులో చేపలకు సంబంధించినవి ఏమైనా పడతాయా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు తిన్నది గమ్జా జొరిమ్, అంటే సోయా సాస్ రసం ఇంకేదాకా అందులోనే ఉడికించిన బంగాళాదుంప. కొరియాలో అన్నం, సూపు, కిమ్చీతో పాటు చిన్న గిన్నెల్లో పెట్టే పక్క వంటకాలను బన్‌చన్ అంటారు. వాటిలో ఇది చాలా మామూలుది. మేం కొరియాలో సువాన్ అనే ఊళ్లో కాపురం ఉన్నన్నాళ్లూ ఇది కనపడని బన్‌చన్ దుకాణం నేను చూడలేదు. ఇళ్లలో ఒకసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు మూడు రోజులు తింటారు, పిల్లల డబ్బాల్లో పెడతారు. ఇందులో ముఖ్యంగా పడేవి బంగాళాదుంప, సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, నూనె, నీళ్లు, చివర్లో నువ్వులు. అంతే. ఇంత తక్కువ సరుకుతో చేసే వంటకి రుచంతా చేసే తీరులోనే ఉంటుంది. ఆ తీరులో అసలైన సంగతి ఒకటే: ముక్క ఉడకడం, నీళ్లు ఇంకడం ఒకే సమయానికి పూర్తవాలి. ఈ రెండూ కలిసి నడిస్తే ముక్క లోపలికి రుచి వెళ్తుంది, పైన సాస్ చిక్కబడి అంటుకుంటుంది, ముక్క కూడా నిలబడుతుంది. రెంటినీ విడదీస్తే మీకు వచ్చిన ఇబ్బందులే వస్తాయి.

అందుకే ముందుగా కుక్కర్ పక్కన పెట్టేయండి. మనకు దుంప అనగానే కుక్కర్‌కి చెయ్యి వెళ్తుంది, వేపుడుకో ఆలూ పరాటాకో అయితే అది సరే. ఇక్కడ మాత్రం కుక్కర్‌లో ఉడికిన ముక్క అప్పటికే నిండా నీళ్లు పీల్చుకుని ఉంటుంది. దాన్ని సోయా సాస్‌లో వేస్తే రుచి లోపలికి వెళ్లే చోటు ఉండదు, పైపైన అంటుతుంది. ఆ సాస్ చిక్కబడాలంటే ఇంకో ఐదారు నిమిషాలు మంట మీద ఉండాలి, ఆ లోపు మెత్తబడ్డ ముక్క గరిటె తగిలితే విరుగుతుంది. విరిగిన ముక్క నుంచి పిండి బయటికొచ్చి సాస్ మడ్డిగా మారుతుంది. మెరుపు పోవడానికి కారణం అదే. మీ చేతిలో లోపం ఏమీ లేదండీ, పద్ధతే ఈ వంటకి నప్పనిది.

ఇక దుంప సంగతి. కొరియాలో ఎక్కువగా పండేది సుమి అనే రకం. అమెరికాలో సుపీరియర్ అని పిలిచే రకమే అది. మరీ పిండిగా ఉండదు, మరీ బంకగానూ ఉండదు. ఉడికాక అంచులు నిలుస్తాయి. మన దగ్గర సంతలో దుంపల్ని రకం పేరుతో అడిగి కొనే అలవాటు తక్కువ. ఆగ్రా దుంప అంటారు, కొత్త దుంప, పాత దుంప అంటారు. ఆ మాటల్లోనే మీకు కావలసింది ఉంది: కొత్త దుంప అడగండి. తోలు పల్చగా ఉండి గోటితో గీరితే ఊడొచ్చేది, కోస్తే లోపల తడిగా కనపడేది ఈ వంటకి బాగుంటుంది. రకం పేరు తెలిసి అమ్మేచోట దొరికితే కుఫ్రి పుఖ్రాజ్ తీసుకోండి, లోపల పసుపు ఛాయ ఉంటుంది, ముక్క విరగదు. చిప్సోనా రకాలు చిప్స్ కోసం తయారుచేసినవి, వాటిలో పొడి పదార్థం ఎక్కువ, అంచులు త్వరగా రాలతాయి. వాటిని వేపుడుకి ఉంచుకోండి. పచ్చరంగు తిరిగిన దుంపలు, మొలకలొచ్చినవి ఏ వంటకీ వద్దు.

ఇంట్లో ఉన్నది పాత దుంపే అయినా కంగారు పడక్కర్లేదు. ముక్క కాస్త పెద్దదిగా కోసి, అంచుల్ని కత్తితో కొద్దిగా గుండ్రం చేయండి. పదునైన అంచులే ముందు విరుగుతాయి, అవి లేకపోతే విరగడానికి ఏమీ ఉండదు. కొరియన్ వంటవాళ్లు మాంసం పులుసుల్లో వేసే క్యారెట్, ముల్లంగి ముక్కలకి కూడా ఇలాగే చేస్తారు.

సోయా సాస్ దగ్గరే మన వాళ్లలో చాలామంది ఇబ్బంది పడతారు. డార్క్ సోయా సాస్ అని మన దుకాణాల్లో దొరికేది నూడుల్స్‌కి, మంచూరియాకి రంగు కోసం చేసినది. చిక్కగా, నల్లగా ఉంటుంది. దాన్ని మరిగించి ఇంకిస్తే ఇంకా నల్లబడి చేదు తిరుగుతుంది. కొరియాలో వంటింట్లో సాధారణంగా రెండు మూడు రకాల సోయా సాస్‌లు ఉంటాయి. గుక్ గంజాంగ్ అనేది సూపులకి, రంగు తక్కువ, ఉప్పు ఎక్కువ. దాన్ని ఇందులో పోస్తే ఉప్పు కషాయమే అవుతుంది. జొరిమ్‌కి వాడేది జిన్ గంజాంగ్ గానీ, యాంగ్జో గంజాంగ్ గానీ. యాంగ్జో అంటే సోయా గింజలు, గోధుమలు పులియబెట్టి సహజంగా తయారుచేసినది. జిన్ అని అమ్మేది ఎక్కువగా దానికి వేరే రకం కలిపినది, వేడికి రుచి అంతగా మారదని ఇలాంటి వంటలకి వాడతారు. సెంపియో కంపెనీ సీసాలు మీకు ఎక్కడైనా దొరికితే వాటి మీద 501, 701 అని అంకెలు కనిపిస్తాయి. అవి అందులో ఉన్న నత్రజని స్థాయికి గుర్తు, అంకె పెరిగితే రుచి గాఢంగా ఉంటుంది. ఈ వంటకి 501 బాగా సరిపోతుంది. ఏ కొరియన్ సీసా దొరకకపోతే కిక్కోమాన్ వాడండి. జపాన్ సోయా సాసే అయినా ఈ పనికి చక్కగా వస్తుంది. అదీ లేకపోతే లైట్ సోయా సాస్. సీసా వెనక చదివి, సోయా, గోధుమ, ఉప్పు, నీళ్లు ఉన్నది ఎంచుకోండి. గోధుమ పడనివాళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే ఈ మాట ముఖ్యం, సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇప్పుడు మెరుపు. హోటల్లో మీరు చూసిన ఆ నిగనిగ నూనెది కాదు, ముల్యొత్‌ది. ముల్యొత్ అంటే పిండి పదార్థం నుంచి తీసిన పల్చటి పాకం, కార్న్ సిరప్ లాంటిది. చక్కెరకంటే తీపి తక్కువ, జిగురు ఎక్కువ. అందుకే వంట తియ్యగా అవకుండానే పైన పూత పడుతుంది. దీనికి మన దగ్గర సరైన బదులు కేకు సామాన్ల కొట్టులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్. ఈ సంగతి చాలామందికి తట్టదు, కానీ రెండూ ఒక కుటుంబానివే. కాకపోతే అది ముల్యొత్ కంటే చాలా గట్టిగా ఉంటుంది, ఒక స్పూను వేడినీళ్లలో కరిగించి వాడండి. అది కూడా లేకపోతే తేనె పనిచేస్తుంది, వాసన కొద్దిగా తెలుస్తుంది. తేనె వాడితే మంట ఆపే ముందు మాత్రమే వేయండి, త్వరగా మాడుతుంది. ఉత్త చక్కెరతోనూ చేయొచ్చు, వేడిగా ఉన్నప్పుడు బాగా మెరుస్తుంది, చల్లారాక మెరుపు కొంత తగ్గుతుంది. బెల్లం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. బెల్లం వేస్తే తినడానికి బాగానే ఉంటుంది, కానీ దాని రుచి సోయా సాస్‌ని కప్పేస్తుంది. మీకు హోటల్ రుచే కావాలంటే వద్దు.

మిరిన్ జపాన్ వాళ్ల తీపి సారా. కొరియన్ ఇళ్లలో కూడా అలాంటి వంట సారాలు వాడతారు, కానీ చేప, మాంసం నీచు పోవడానికి. దుంపకి నీచు వాసన ఉండదు కదా. నిశ్చింతగా వదిలేయండి.

నువ్వుల నూనె దగ్గర మాత్రం జాగ్రత్త. కొరియన్లు వాడేది బాగా వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె. గోధుమ రంగులో, ఘాటైన వాసనతో ఉంటుంది. మనం పచ్చళ్లకి, దీపానికి వాడే నువ్వుల నూనె వేయించని గింజల నుంచి వచ్చేది, ఆ వాసన ఇందులో రాదు. వంట మొదట్లో దుంపని వేయించడానికి మన నూనె బ్రహ్మాండంగా పనికొస్తుంది, చివర్లో వాసన కోసం మాత్రం వేయించిన నువ్వుల నూనె కావాలి. దాని కోసం సీసా కొనడం ఎందుకు అనుకుంటే, రెండు స్పూన్ల నువ్వులు సన్న మంట మీద ముదురు రంగు వచ్చేదాకా వేయించి, వేడి తగ్గాక రోట్లో రెండు దెబ్బలు వేసి పైన చల్లండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే సువాసన వస్తుంది. మా ఇంట్లో నూనె అయిపోయినప్పుడు ఇలాగే చేస్తాను.

కొలతలు ఇవీ. దుంపలు అర కేజీ, అంటే మధ్యస్థంగా ఉన్నవి నాలుగు. సోయా సాస్ రెండున్నర టేబుల్ స్పూన్లు. చక్కెర ఒక టేబుల్ స్పూను. ముల్యొత్ లేదా కరిగించిన లిక్విడ్ గ్లూకోజ్ ఒకటిన్నర టేబుల్ స్పూన్లు (తేనె అయితే ఒకటి చాలు). నీళ్లు 200 మిల్లీలీటర్లు, కొరియన్ వంటల్లో ఒక కప్పు అంటే ఇదే. సన్నగా తరిగిన వెల్లుల్లి మూడు రెబ్బలు. ఏదైనా వాసన లేని నూనె ఒక టేబుల్ స్పూను. సగం ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా. కారం కావాలంటే ఒకటి రెండు పచ్చిమిరపకాయలు. చివర్లో వేయించిన నువ్వుల నూనె ఒక టీ స్పూను, నువ్వులు ఒక టీ స్పూను. ఉప్పు విడిగా వేయకండి, అస్సలు.

దుంపలు తొక్క తీసి రెండు, రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండడం ఈ వంటలో నిజంగా అవసరం. చిన్నవి ముందు ఉడికి కరిగితే ఆ పిండే మిగతా సాస్‌ని పాడుచేస్తుంది. కోసిన ముక్కల్ని చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, నీళ్లు తెల్లగా మారాక వంపేసి, ఇంకోసారి కడగండి. పైన అంటుకున్న పిండి పోవాలి. తర్వాత జల్లెడలో వేసి నీళ్లు కారనివ్వండి, వీలైతే గుడ్డతో అద్దండి. తడి ముక్క నూనెలో వేగదు, చిటపటలాడి గిన్నెకి అంటుకుంటుంది.

గిన్నె వెడల్పుగా ఉండాలి. ముక్కలన్నీ ఒకే వరుసలో పరుచుకునేంత. లోతు గిన్నెలో వేస్తే అడుగు ముక్కలు నీళ్లలో ఉడుకుతాయి, పైవి ఆవిరి మీద ఉంటాయి, వాటిని కలుపుతూ ఉండాలి, కలిపితే విరుగుతాయి. నాన్‌స్టిక్ పాన్ అయినా, మందపాటి ఇనుప మూకుడైనా పర్వాలేదు.

మధ్యస్థ మంట మీద నూనె వేడిచేసి ముక్కలు వేయండి. మూడు నాలుగు నిమిషాలు మెల్లగా తిప్పుతూ వేయించండి. ఎర్రబడనవసరం లేదు, అంచులు కొద్దిగా అద్దంలా పారదర్శకంగా మారితే చాలు. చాలామంది తొందరపడి వదిలేసే దశ ఇదే. పైపొరలో ఉన్న పిండి ఇక్కడే ఉడికి బిగుసుకుంటుంది, నూనె పూత పడుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు నీళ్లలో ఉన్నా ముక్క ఆకారం కోల్పోకుండా కాపాడేది ఈ పొరే. ఇక్కడ ఓపిక పడితే తర్వాత పని సులువు.

ఆ తర్వాత వెల్లుల్లి వేసి అరనిమిషం తిప్పి, నీళ్లు, సోయా సాస్, చక్కెర పోయండి. ఒక పొంగు రాగానే మంట తగ్గించి, మూత వారగా పెట్టండి. కుతకుత ఉడకాలి గానీ తెర్లకూడదు. ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు గిన్నెని పట్టుకుని ఊపండి, గరిటె పెట్టకండి. మరీ అవసరమైతే చెక్క గరిటెతో అడుగు నుంచి మెల్లగా పైకి తిప్పండి.

సోయా సాస్‌ని మొదటే పోయమనడానికి ఒక కారణం ఉంది. పులుసు పెట్టేటప్పుడు దుంప ఉడక్కముందే చింతపండు రసం పోస్తే ఇక ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పులుపు దుంప కణాల గోడల్ని బిగబట్టి ఉంచుతుంది. సోయా సాస్‌లో కూడా కొద్దిపాటి ఆమ్లం ఉంటుంది. చింతపండంత కాదు గానీ ముక్క కరగకుండా సాయం చేయడానికి సరిపడా. ఇది తెలిస్తే మీ దుంపకి తగ్గట్టు వంట మార్చుకోవచ్చు. త్వరగా చితికే దుంప అయితే సోయా సాస్ మొత్తం మొదటే పోయండి. ఎంతకీ ఉడకని మొండి దుంప అయితే ముందు నీళ్లతో ఐదు నిమిషాలు ఉడకనిచ్చి తర్వాత పోయండి.

పది నిమిషాల తర్వాత ఒక ముక్కలో సన్నటి చాకు దింపి చూడండి. లోపలిదాకా వెళ్లి, మధ్యలో కొంచెం పట్టు తగిలితే సరైన సమయం. అప్పటికి గిన్నెలో రసం మూడో వంతు మిగిలి ఉండాలి. ఉంటే మూత తీసేసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ముల్యొత్ వేసి మంట పెంచండి. ఇక్కడి నుంచి గిన్నె దగ్గరే నిలబడాలి. గిన్నె ఒక పక్కకి వంచి, చేరిన రసాన్ని స్పూనుతో తీసి ముక్కల మీద పోస్తూ ఉండండి. రెండు మూడు నిమిషాల్లో బుడగలు పెద్దవై, నెమ్మదిగా పగులుతాయి, రసం తీగలా జారుతుంది. ఇంకా రెండు మూడు స్పూన్ల రసం ఉండగానే మంట ఆపండి. పూర్తిగా ఇంకేదాకా ఆగితే చల్లారాక అది బంకగా బిగుస్తుంది. దించాక నువ్వుల నూనె, నువ్వులు.

మొదటిసారి చేస్తున్నప్పుడు ముక్క ఉడకడం, నీళ్లు ఇంకడం ఒకే సమయానికి కుదరకపోవచ్చు. స్టవ్, గిన్నె, దుంప అన్నీ వేరు కదా. టెన్షన్ పడకండి, సరిదిద్దుకోవడం తేలిక. నీళ్లు అయిపోయి ముక్క ఇంకా గట్టిగా ఉంటే పావు కప్పు వేడినీళ్లు పోసి మూత పెట్టండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి ఇంకా ఆలస్యమవుతుంది. ముక్క ఉడికిపోయి రసం ఇంకా పల్చగా ఉంటే ముక్కల్ని చిల్లుల గరిటెతో పళ్లెంలోకి తీసేసి, రసాన్ని ఒక్కదాన్నే పెద్ద మంట మీద చిక్కబరిచి, మళ్లీ ముక్కలు వేసి ఒకసారి ఊపండి. ఈ రెండో కిటుకు తెలిసినవాళ్ల చేతిలో గమ్జా జొరిమ్ చెడడం అనేది ఉండదు.

ఉప్పు ఎక్కువైందన్నారు. కొంత డార్క్ సోయా సాస్ వల్ల, కొంత మీరు విడిగా వేసిన ఉప్పు వల్ల. మూడో కారణం కూడా ఉంది, అది వంటలో కాదు, వడ్డనలో ఉంది. మన భోజనంలో కూర అంటే అన్నంలో కలుపుకునేది, రెండు గరిటెలు వేసుకుంటాం. బన్‌చన్ అలా కాదు. గిన్నెడు తెల్లన్నంతో పాటు నాలుగైదు ముక్కలు, ఒక్కో ముద్దకి ఒక్కో ముక్క. అన్నంలో ఉప్పు ఉండదు కాబట్టి ముక్కలో ఆ గాఢత కావాలి. మామూలు సోయా సాస్‌లో దాదాపు ఆరో వంతు ఉప్పే, కాబట్టి పైన చెప్పిన రెండున్నర టేబుల్ స్పూన్లలో ఆరేడు గ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దంటోంది. అర కేజీ దుంపని ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక గ్రాము చిల్లర పడుతుంది, ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరే కూరలా తినేస్తే ఒక్కొక్కరికి మూడు గ్రాములు దాటుతుంది, రోజు మొత్తం లెక్కలో సగానికి పైనే. ఇంట్లో కూరలాగే తింటారు అనుకుంటే సోయా సాస్ ఒకటిన్నర స్పూనుకి తగ్గించి, నీళ్లలో వేలెడంత దషిమా ముక్క వేయండి. దషిమా అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. ఉప్పు తగ్గినా వెలితి తెలియనివ్వదు. పొంగు వచ్చిన ఐదు నిమిషాలకు తీసేయండి, ఎక్కువసేపు ఉంచితే జిగురు, చేదు వస్తాయి.

బియ్యం విషయంలో అంత పట్టింపు అక్కర్లేదు. కొరియన్ అన్నం పొట్టి గింజ, ఒకదానికొకటి అంటుకునేది. సోనా మసూరి అన్నాన్ని రోజూకంటే కొంచెం మెత్తగా వండితే సరిపోతుంది. నన్నడిగితే ఇది పెరుగన్నంలో నంజుకోవడానికి కూడా చాలా బాగుంటుంది. కొరియన్లు అలా తినరు, మనకి మాత్రం చక్కగా కుదురుతుంది.

కారం రకం కూడా ఉంది. నీళ్లు పోసేటప్పుడు ఒక టీ స్పూను గోచుగారు వేస్తారు. అది కొరియన్ ఎండుమిరప పొడి, బరకగా, ఎర్రగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది. దాని బదులు గుంటూరు కారం అదే కొలతలో వేస్తే తినలేరు. బ్యాడిగి మిరపకాయల్ని గింజలు తీసి బరకగా కొట్టి వాడండి, రంగు, రుచి రెండూ దగ్గరగా వస్తాయి. గోచుజాంగ్ అనే పులియబెట్టిన మిరప ముద్ద వేసేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ వంటలో అది అంతగా నచ్చదు. సాస్ మందమైపోయి దుంప రుచి అడుగున పడుతుంది. వేయాలనుకుంటే ఒక్క టీ స్పూను, సోయా సాస్ ఒక స్పూను తగ్గించి వేయండి, అడుగంటకుండా చూసుకోండి.

ఆవాలు, కరివేపాకు, పసుపు వేయొచ్చా అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. వేసుకోండి, అది మంచి వేపుడే అవుతుంది. కానీ ఒక్కసారైనా ఏమీ కలపకుండా చేసి చూడండి. సోయా సాస్, వెల్లుల్లి, నువ్వులు మూడే ఉన్నప్పుడు దుంప తన రుచి తాను చూపించుకుంటుంది.

దీనికి అన్నలాంటిది అల్‌గమ్జా జొరిమ్. గోలీల కంటే కాస్త పెద్దగా ఉండే చిన్న దుంపల్ని తొక్కతోనే చేస్తారు. కొరియాలో జూన్ నెలలో, పగలు బాగా పొడుగుండే రోజుల్లో కొత్త దుంపలు తవ్వుతారు. వాటిలో ఏరగా మిగిలిన చిన్నవి అప్పుడే సంతకి వస్తాయి. మన దగ్గర దమ్ ఆలూకి అమ్మే బేబీ పొటాటో ఇందుకు చక్కగా సరిపోతుంది. తొక్క మీద మట్టి లేకుండా బ్రష్‌తో రుద్ది కడిగి, ముందు ఉత్త నీళ్లలో ముప్పావు వంతు ఉడికించి నీళ్లు వంపేయాలి. తర్వాత నూనెలో తిప్పి, సోయా సాస్, చక్కెర, నీళ్లు పోసి సన్న మంట మీద అరగంట పైనే ఉంచాలి. తొక్క ముడతలు పడి, లోపలి కండకి అతుక్కుని, కొరికితే సాగినట్టు ఉండాలి. ముల్యొత్‌ని ఇందులో రెండు సార్లుగా వేస్తారు, సగం మధ్యలో, సగం చివర. తీపి పాకం దుంపలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ ముడతలు వచ్చేది అందుకే. ఓపిక ఉన్న ఆదివారం చేయండి, మీకు ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

సోయా సాస్ అసలు లేనిరోజు గమ్జాచే బొక్కుమ్ ఉంది. దుంపని అగ్గిపుల్లల్లా మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన తరిగి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి, నూనెలో ఉల్లిపాయ, క్యారెట్ తురుముతో ఐదారు నిమిషాలు వేయించడమే. ఉప్పు, మిరియాల పొడి, నువ్వులు. మన ఆలూ వేపుడులా ఎర్రగా కరకరలాడనివ్వరు, తెల్లగా ఉండగానే దించుతారు. చిన్నపిల్లలున్న ఇళ్లలో వారానికోసారైనా కనిపించే వంటకం.

కొరియన్లు అన్నం, ముల్లంగి, క్యాబేజీ ఎంత పాతకాలం నుంచి తింటున్నా, దుంప వాళ్లకి కొత్తదే. 1820లలో ఉత్తరాన చైనా సరిహద్దు దాటి వచ్చింది. 1832లో గుట్స్‌లాఫ్ అనే జర్మన్ మిషనరీ ఒక ఇంగ్లీషు ఓడలో వచ్చి, పడమటి తీరంలోని ఒక దీవిలో దుంపలు నాటించాడు. వరి సరిగా పండని గాంగ్‌వన్ కొండప్రాంతంలో అది కరువు కాలపు తిండి అయింది. ఇప్పటికీ దుంప అంటే కొరియన్లకి గాంగ్‌వన్ గుర్తొస్తుంది. అక్కడి వాళ్లు దుంపని తురిమి, పిండి పేరబెట్టి, ఉండలు చేసి సూపులో వేసుకుంటారు. అట్లూ పోసుకుంటారు. దుంప తురుముని నూనెలో కాల్చిన ఆ అట్టు, గమ్జాజొన్, మన ఇంట్లోవాళ్లకి మొదటి ముద్దకే నచ్చుతుంది. దాని గురించి ఎవరైనా విడిగా అడిగితే వివరంగా చెప్తాను.

మీ అత్తగారి సంగతి. ఇంట్లో పైన చెప్పినట్టు చేస్తే ఇది పూర్తి శాకాహారం, పాలు, గుడ్డు కూడా లేవు. హోటల్లో మాత్రం అడిగి తినాలి. కొన్ని చోట్ల నీళ్లకి బదులు ఎండు నెత్తళ్లు ఉడికించిన నీళ్లు పోస్తారు, రుచిలో అది అంతగా బయటపడదు. ఆల్చిప్పల నుంచి చేసే ఆయిస్టర్ సాస్ ఒక స్పూను కలిపేవాళ్లూ ఉంటారు. వెయిటర్‌ని మాంసం ఉందా అంటే లేదనే చెప్తాడు, అతను అబద్ధం చెప్పినట్టు కాదు. నెత్తళ్ల నీళ్లు పోశారా, చేప సాస్ గానీ ఆయిస్టర్ సాస్ గానీ పడిందా అని పేరు పెట్టి అడగండి. వెల్లుల్లి కూడా తినరంటే అల్లం సన్నగా తరిగి రెండు ముక్కలు వేసి, దించే ముందు తీసేయండి. రుచి కొంచెం మారుతుంది, బాగానే ఉంటుంది.

నిలవ గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం అవసరం. చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టి, మన ఎండలకి రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు రోజులు బాగుంటుంది. రెండో రోజుకి ముక్క కాస్త గట్టిబడుతుంది, చల్లదనానికి దుంపలోని పిండి మళ్లీ బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది, పాడైనట్టు కాదు. కొరియన్లు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తింటారు. మీకు మెత్తగా కావాలంటే ఒక స్పూను నీళ్లు చల్లి, మూత పెట్టి సన్న మంట మీద రెండు నిమిషాలు వేడిచేయండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, కరిగాక దుంప దూదిలా అయిపోయి నీళ్లు వదులుతుంది. ఈసారి చేశాక ఏ దుంప, ఏ సోయా సాస్ వాడారో, రసం ఎన్ని నిమిషాలకి చిక్కబడిందో రాయండి, ఇంకా ఏమైనా సరిచేయాల్సి ఉంటే చెప్తాను.